ఆస్ట్రేలియా పండ్ల తోటల్లో ఒక ఏడాది: పోయేముందు తెలియవలసిన సంగతులు



ఈ పూట నేను ముచ్చటించబోయేది ఎరువులను గురించి కాదు, పురుగు మందులను గురించీ కాదు. మన పిల్లలను గురించి.

2024 అక్టోబరులో, పత్తి మొదటి తీత సాగుతున్న రోజుల్లో, మా రైతు సేవా కేంద్రానికి ఒక పెద్దాయన వచ్చాడు. మూడెకరాల ఆసామి. రెండెకరాలు మిరప, ఒక ఎకరం పత్తి. జేబులోంచి మడతపెట్టిన రంగుల కాగితం ఒకటి తీసి, "ఏఈవో గారూ, ఇందులో ఏమున్నదో చదివి చెప్పండి" అన్నాడు. కాగితం నిండా ఎర్రని ఆపిల్ పండ్లు, నవ్వుతున్న కుర్రవాళ్ళు. ఆస్ట్రేలియాలో తోట పని, నెలకు మూడు లక్షలు, తిండీ బసా ఉచితం, వీసాకు పూచీ మాది, ఖర్చు ఆరు లక్షలు. ఇదీ అందులోని సారాంశం. ఆయన కొడుకు డిగ్రీ ముగించి రెండేళ్ళుగా ఇంటిపట్టునే ఉన్నాడు. ఎకరం తాకట్టు పెట్టటానికి షావుకారుతో మాట కూడా అయిపోయింది. శుక్రవారం కాగితాలు రాసుకోవాలి. ఆయన నా దగ్గరకు వచ్చింది మంగళవారం.

"బాబాయ్, శుక్రవారం దాకా ఆగండి, నేను కనుక్కుంటాను" అన్నాను. ఆనాడు కనుక్కున్నదీ, ఆ తర్వాత పోయివచ్చిన వాళ్ళనూ అక్కడ ఉన్నవాళ్ళనూ అడిగి తెలుసుకున్నదీ కలిపి మీకు చెబుతాను. ఇటువంటి కాగితం రేపు మీ ఇంటికీ రావచ్చు.

మొట్టమొదట, ఇది ఏమిటో చూద్దాం. కొన్ని దేశాల యువకులు చదువు ముగించి ఉద్యోగంలో చేరేలోపల, వీపున ఒక సంచీ తగిలించుకొని పరదేశం తిరిగి వస్తారు. చేతిలో డబ్బు అయిపోయినప్పుడు ఎక్కడో ఒకచోట నాలుగు వారాలు పని చేస్తారు. నాలుగు డబ్బులు కూడగానే మళ్ళీ బయలుదేరుతారు. సంచీ మోసుకు తిరుగుతారు కాబట్టి వీరిని అక్కడ బ్యాక్‌ప్యాకర్లు అంటారు. ఆస్ట్రేలియా ప్రభుత్వం 1975లో ఈ అలవాటుకు ఒక చట్టబద్ధమైన దారి చూపింది. మొదట బ్రిటన్, కెనడా, ఐర్లండు దేశాల వారికి ఈ వీసా ఇచ్చారు. తర్వాత అనేక దేశాలు చేరాయి. ఇటీవలి సంవత్సరాల్లో ఏటా రెండు లక్షలకు పైగా ఇటువంటి వీసాలు ఇస్తున్నారు.

మన దేశం ఈ వరుసలోకి ఆలస్యంగా వచ్చింది. భారతదేశానికీ ఆస్ట్రేలియాకూ కుదిరిన వాణిజ్య ఒప్పందం 2022 డిసెంబరు 29న అమలులోకి వచ్చింది. అందులో ఒక అంశం ప్రకారం ఏటా వెయ్యిమంది భారతీయులకు ఈ అవకాశం ఇస్తారు. వీసా పేరు వర్క్ అండ్ హాలిడే, దాని నంబరు 462. యావద్భారతానికీ కలిపి వెయ్యి. ఒక్క మన జిల్లాలోనే అంతమంది డిగ్రీ చదివిన నిరుద్యోగులు దొరుకుతారు గదా! అందుకని ఎవరికి ఇవ్వాలన్నది లాటరీ తీసి తేలుస్తారు. మొదటి లాటరీకి పేర్లు 2024 అక్టోబరు 1 నుంచి 31 వరకు తీసుకున్నారు. మొదటి రెండు వారాల్లోనే సుమారు 40 వేల మంది పేర్లు ఇచ్చారు. వెయ్యి గింజలకు నలభైవేల పిట్టలు.

లాటరీకి పేరు ఇవ్వటానికి రుసుము 25 ఆస్ట్రేలియా డాలర్లు. 2024లో డాలరు సుమారు 55 రూపాయలు ఉన్నది. అంటే పధ్నాలుగు వందల రూపాయల లోపు. పాస్‌పోర్టు, పాన్ కార్డు చేత ఉంటే కుర్రవాడు తానే ఫోనులో నింపుకోవచ్చు. పేర్లను యంత్రం తీస్తుంది. సిఫారసుకు చోటు లేదు, ముందు వచ్చాడా వెనుక వచ్చాడా అన్న లెక్క లేదు. పేరు వస్తే 28 రోజుల్లోగా వీసాకు దరఖాస్తు పెట్టుకోవాలి. దాని రుసుము ఆరువందల డాలర్లకు పైన ఉంటుంది, ఏటా జులైలో మారుతుంది. లాటరీ ఎప్పుడు తెరిచేదీ ఆ దేశపు హోం వ్యవహారాల శాఖ తన వెబ్‌సైటులో ప్రకటిస్తుంది.

ఇప్పుడు చెప్పండి, ఆరు లక్షలు పుచ్చుకునే ఏజెంటు ఆ డబ్బుకు ఏమి అమ్ముతున్నట్టు? లాటరీలో పేరు రప్పించటం అతని చేతిలో లేదు. ఈ వీసాకు ముందుగా ఉద్యోగం చూపనక్కర లేదు కనుక ఉద్యోగపు పత్రం కొనవలసిన పనీ లేదు. దరఖాస్తు నింపటానికి సాయం చేసినందుకు న్యాయమైన కూలి ఇస్తే ఇవ్వవచ్చు. అంతకు మించి పూచీ అన్నవాడు గాలిని మూటగట్టి అమ్ముతున్నాడు. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే నా ప్రసంగంలో సగం విన్నట్టే.

ఇక అర్హతలు. దరఖాస్తు పెట్టేనాటికి 18 ఏండ్లు నిండి ఉండాలి, 31వ పుట్టినరోజు రాకూడదు. కనుక నా బోటి వాడికి ఆ తలుపు మూసుకుపోయింది. ఉన్నత పాఠశాల చదువు తరువాత కనీసం రెండేళ్ళ పైచదువు చదివి ఉండాలి. పని నడిచేటంత ఇంగ్లీషు రావాలి, అందుకు రుజువు చూపాలి. పోషించవలసిన పిల్లలను వెంట తీసుకుపోరాదు. తిరుగు ప్రయాణపు ఖర్చు కాక, మొదటి రోజుల ఖర్చులకు సుమారు 5,000 డాలర్లు బ్యాంకులో చూపాలి. 2024 నాటి ధరకు అది రెండు లక్షల డెబ్బై అయిదు వేల రూపాయలు. ఈ డబ్బు ఎవరికీ చెల్లించేది కాదు, మనదే, మన ఖాతాలోనే ఉంటుంది. పని దొరికేదాకా తిని బతకటానికి అది కావాలి. వీసా గడువు పన్నెండు నెలలు. దీన్ని ఒక ఏడాది అనుమతిగా చూడాలి తప్ప స్థిరనివాసంగా అనుకోరాదు.

సరే, పేరు వచ్చింది, కుర్రవాడు విమానం దిగాడు అనుకుందాం. పని ఎక్కడ?

ఆ దేశం మనకు దక్షిణాన, భూమధ్యరేఖకు అవతల ఉన్నది. అందుచేత ఋతువులు తలకిందులు. మనకు సంక్రాంతి చలి, వాళ్ళకు నడివేసవి. మనకు మామిడి ఏప్రిల్, మే నెలల్లో, వాళ్ళకు అక్టోబరు, నవంబరుల్లో. దేశం చాలా పెద్దది, ఉత్తరం కొస వేడి, దక్షిణం కొస చలి. ఒకే పంట ఒక్కొక్క చోట ఒక్కొక్క నెలలో పండుతుంది. మామిడి చూడండి. మొదట ఉత్తరాన డార్విన్, కాథరిన్ ప్రాంతాల్లో కోతకు వస్తుంది. కొద్ది వారాల తర్వాత క్వీన్స్‌లాండులోని బొవెన్ దగ్గర మొదలవుతుంది. ఆ తర్వాత ఇంకా దక్షిణానికి జరుగుతుంది. కోతగాళ్ళు కూడా పండు వెంట జరుగుతారు. వరి కోత మిషన్లు మన దగ్గర జిల్లా వెంట జిల్లా జరిగిపోవటం చూశారు గదా, అట్లాగే.

ఏడాది పొడుగునా లెక్క వేస్తే ఇలా ఉంటుంది. నవంబరు నుంచి జనవరి దాకా చెర్రీ పండ్లు, న్యూ సౌత్ వేల్స్‌లోని యంగ్ అనే ఊరి దగ్గరా, తర్వాత టాస్మేనియా దీవిలోనూ. జనవరి నుంచి ఏప్రిల్ దాకా విక్టోరియాలోని మిల్డ్యూరా దగ్గర ద్రాక్ష, షెపర్టన్ దగ్గర పేర్ పండ్లు. ఫిబ్రవరి నుంచి మే దాకా టాస్మేనియాలోని హ్యూవన్ లోయలో, క్వీన్స్‌లాండులోని స్టాన్‌థోర్ప్‌లో ఆపిల్. చలికాలం, అంటే మే మొదలు అక్టోబరు దాకా, బొవెన్, బండబర్గ్ ప్రాంతాల్లో టమాటా, బెంగుళూరు మిరప వంటి కూరగాయలు. దక్షిణ ఆస్ట్రేలియాలోని రివర్‌లాండులో బత్తాయి జాతి పండ్లు. టల్లీ, ఇన్నిస్‌ఫెయిల్ దగ్గర అరటి, దానికి కాలంతో పని లేదు. ఏ నెలలో ఎక్కడ ఏ పంటో తెలిపే హార్వెస్ట్ గైడ్ అనే పుస్తకాన్ని అక్కడి ప్రభుత్వమే ప్రచురించింది. ఇటువంటి సమాచారానికి ఎవరికీ డబ్బు ఇవ్వనక్కర లేదు.

కోతకు రెండు వారాలు ముందు వచ్చినవాడు కూర్చొని తినాలి, రెండు వారాలు వెనుక వచ్చినవాడికి పండు ఉండదు. వానొస్తే ఆ రోజు పని లేదు. పని లేకపోతే కూలీ లేదు. నెలకు మూడు లక్షలు అని ముందే చెప్పినవాడు వానను కూడా తన జేబులో పెట్టుకున్నవాడై ఉండాలి.

పని విషయంలో రైతుబిడ్డలకు ఒక మేలు ఉన్నది. పండు స్వభావం వాళ్ళకు తెలుసు. మామిడికాయను తొడిమ విరిచి కోస్తే సొన చిమ్ముతుందనీ, సొన పడ్డచోట కాయ నల్లబడుతుందనీ, ఒంటిమీద పడితే బొబ్బలు వస్తాయనీ మన నూజివీడు కుర్రవాడికి ఎవరూ చెప్పనక్కర లేదు. అక్కడా అదే సొన, అవే బొబ్బలు. చేతులకు పొడుగు తొడుగులు, కళ్ళకు అద్దాలు పెట్టుకొని, మెల్లగా నడిచే ఒక బండి పక్కన నడుస్తూ కోస్తారు. బండి మీద నీళ్ళ ధార సొనను కడుగుతూ ఉంటుంది.

ఆపిల్ సంగతి మనకు కొత్త. కాయను లాగకూడదు. అరచేతిలో పట్టుకొని పైకి ఎత్తి కొంచెం తిప్పితే తొడిమతో సహా వస్తుంది. లాగితే వచ్చే ఏడు కాయవలసిన మొగ్గ కూడా విరిగి వస్తుంది. ఆ చెట్టుకు రెండేళ్ళ నష్టం. మెడకు తగిలించుకున్న సంచీ నిండిన తర్వాత, సంచీ అడుగు తెరచి పండ్లను పెద్ద కొయ్య పెట్టెలోకి జార్చాలి, కుమ్మరించకూడదు. ఆ పెట్టెను బిన్ అంటారు. దాదాపు 400 కిలోలు పడుతుంది. ద్రాక్ష గుత్తిని కాడ దగ్గర పట్టుకొని కత్తిరించాలి. పండు మీది తెల్లని పొడి చేతికి అంటితే ధర పోతుంది. అరటి తోటలో ఒకడు గెల నరుకుతాడు, మరొకడు భుజాన అందుకుంటాడు. గెల యాభై కిలోల దాకా తూగవచ్చు. నడుము బలం లేనివాడు ఆ పనికి సరే అనరాదు.

మొదటి వారం చేతులు బొబ్బలెక్కుతాయి. మా పక్క మండలం కుర్రవాడు ఒకడు లాటరీలో పేరు వచ్చి పోయాడు. అతడు ఫోనులో అన్న మాట ఇది: "అన్నా, ఇక్కడ నాకు పని కష్టమనిపించలేదు. మా నాన్న రోజూ ఇంత పని చేస్తాడని ఇక్కడికొచ్చాక తెలిసింది, అదే కష్టమనిపించింది." ఆ మాట వాళ్ళ నాన్నకు చేరవేశాను. ఆయన ఏమీ అనలేదు. తలగుడ్డ సవరించుకొని పొలం వైపు పోయాడు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కూలి.

కూలి రెండు విధాలు. ఒకటి గంట లెక్క. రెండవది గుత్త లెక్క, అంటే బిన్నుకు ఇంత అని. మన పత్తి తీతకు కిలో లెక్క ఉన్నట్టే. 2025 జులై 1 నుంచి ఆ దేశంలో వయోజనులకు జాతీయ కనీస వేతనం గంటకు 24 డాలర్ల 95 సెంట్లు. రోజువారీ తాత్కాలిక పనివానికి, సెలవులు ఉండవు కాబట్టి, దాని మీద నూటికి 25 చొప్పున కలిపి ఇవ్వాలి. తోట పనికి విడిగా ఒక వేతన ఉత్తర్వు ఉన్నది. ఏటా జులైలో రేట్లు మారతాయి కనుక పోయేనాటి రేటు ఎంతో చూసుకొని పోవాలి.

గుత్త లెక్కలో పూర్వం అన్యాయం ఎక్కువగా జరిగేది. రోజంతా కోసినా గంటకు అయిదారు డాలర్లు కూడా పడనివారు ఉండేవారు. 2022 ఏప్రిల్ 28 నుంచి నిబంధన మారింది. గుత్త పనివానికైనా, పని చేసిన గంటలకు కనీస రేటు చొప్పున వచ్చే మొత్తానికి తగ్గకుండా ఆ రోజు కూలి పడాలి. ఒక ఉదాహరణ చెబుతాను. లెక్క తేలికగా ఉండటానికి కనీస రేటు గంటకు 30 డాలర్లు అనుకోండి. కుర్రవాడు ఎనిమిది గంటల్లో మూడు బిన్నులు నింపాడు. బిన్నుకు 60 డాలర్ల చొప్పున 180 అయింది. కాని ఎనిమిది గంటలకు కనీసం 240 రావాలి. తక్కువైన 60 డాలర్లు తోట యజమాని కలిపి ఇచ్చి తీరాలి. అయిదు బిన్నులు నింపితే 300 అవుతుంది, అది మొత్తం కుర్రవానిదే. చేయి తిరిగినవానికి గుత్త లాభం, కొత్తవానికి కనీస రేటు రక్ష.

అయితే రక్ష ఉన్నదని తెలియనివాడికి అది లేనట్టే. 2018లో అక్కడి శ్రామిక న్యాయ పర్యవేక్షణ సంస్థ, ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్, పండ్లు కూరగాయల కోత పనులపై జరిపిన విచారణ ఫలితాలు ప్రకటించింది. తనిఖీ చేసిన 638 సంస్థల్లో సగానికి పైగా నిబంధనలు తప్పినట్టు తేలింది. పనివాళ్ళకు రావలసిన బాకీ పది లక్షల డాలర్లకు పైగా రాబట్టారు. అంటే, చట్టం బాగా ఉన్న దేశంలో కూడా కాటా దగ్గర మోసం ఉన్నది. మంచి యజమానులు చాలామంది ఉన్నారు. కాని ఎవరు మంచివారో మొదటి రోజున మొహం చూసి చెప్పలేము. కనుక ఈ జాగ్రత్తలు పాటించాలి.

ఒకటి. గుత్త పని అయితే, రేటు ఎంతో రాసి ఇచ్చిన కాగితం పని మొదలుపెట్టకముందే అడిగి తీసుకోవాలి. ఇవ్వటం యజమాని విధి.

రెండు. రోజూ పని మొదలైన వేళ, ముగిసిన వేళ, నింపిన బిన్నులు, ఆ తోట పేరు సొంత పుస్తకంలో రాసుకోవాలి. ఇంటికి వచ్చాక రాద్దాం అనుకోకూడదు, గట్టు మీదే రాయాలి.

మూడు. జీతం బ్యాంకు ఖాతాలో పడాలి. పడిన ఒక పనిరోజులోగా జీతపు చీటీ ఇవ్వాలి. చేతికి నోట్లు ఇచ్చి చీటీ లేదు అంటే, ఆ పని ఎక్కడా లెక్కకు ఎక్కలేదని అర్థం.

నాలుగు. పన్ను శాఖ నంబరు దిగగానే తీసుకోవాలి. ఇది ఉచితం. కొందరు మేస్త్రీలు వ్యాపార నంబరు, అంటే ఏబీఎన్, తెచ్చుకోమంటారు. అట్లా చేస్తే కుర్రవాడు కాగితం మీద కూలివాడు కాక కంట్రాక్టరు అవుతాడు. కనీస వేతనం, దెబ్బ తగిలితే పరిహారం ప్రశ్నార్థకమవుతాయి. చెట్టు మీది పండు కోసేవాడు కంట్రాక్టరు ఎట్లా అవుతాడు? ఒప్పుకోరాదు.

అయిదు. పని మేస్త్రీ ద్వారా దొరికితే, అతనికి అనుమతి ఉన్నదో లేదో చూడాలి. క్వీన్స్‌లాండు, విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రాల్లో మనుషులను పనికి సరఫరా చేసేవారికి లైసెన్సు ఉండాలి. ఆ జాబితా ఎవరైనా చూడవచ్చు.

పన్ను కూడా ముందే లెక్కలో వేసుకోవాలి. ఈ వీసా మీద పోయినవారికి మొదటి డాలరు నుంచే నూటికి 15 పన్ను, 45,000 డాలర్ల సంపాదన వరకు. మన ఉదాహరణలో 240కి 36 పోయి 204 మిగులుతుంది. బస అద్దె, తోటకు పోయే బండి కిరాయి, తిండి అందులోంచే. పని లేని రోజుల తిండి కూడా అందులోంచే. ఇది కాక, యజమాని పనివాని పేర భవిష్యనిధి జమ కట్టాలి. 2025 జులై నుంచి అది జీతం మీద నూటికి 12. దేశం విడిచిన తర్వాత దాన్ని అడిగి తీసుకోవచ్చు, కాని నూటికి 65 పన్ను పట్టుకొని 35 ఇస్తారు. ఎంత తక్కువైనా మన కష్టం, వదలరాదు.

ఇక 88 రోజుల సంగతి. మొదటి ఏడాదిలో, గుర్తించిన గ్రామీణ ప్రాంతాల్లో, గుర్తించిన పనుల్లో మూడు నెలలు పని చేసినవారు రెండవ ఏడాదికి వీసా అడగవచ్చు. ఆ మూడు నెలలనే 88 రోజులు అని లెక్కిస్తారు. రెండవ ఏడాదిలో ఆరు నెలలు అట్లా చేస్తే మూడవ ఏడాది కూడా. ప్రాంతం లెక్కలోకి వస్తుందో రాదో పిన్ కోడును బట్టి తెలుస్తుంది. పని చేరకముందే చూసుకోవాలి. జీతం లేకుండా తిండికీ బసకూ చేసిన పని లెక్కకు రాదు.

ఈ నియమం వల్ల తోటలకు చేతులు దొరికాయి. 2020 మార్చిలో కరోనా వల్ల సరిహద్దులు మూసినప్పుడు ఆ చేతుల విలువ అక్కడి రైతులకు బాగా తెలిసి వచ్చింది. కాని ఈ నియమమే కొందరి చేతిలో పలుపుతాడు అయింది. "నీ రోజులు నేను సంతకం పెడితేనే గదా" అని తక్కువ కూలికి నోరు మూయించేవారు ఉన్నారు. ఆడపిల్లలను ఇంకా నీచంగా భయపెట్టినవారు కూడా ఉన్నారు. కుర్రవాళ్ళకూ అమ్మాయిలకూ ఒకటే మాట చెబుతాను: జీతపు చీటీలు, బ్యాంకు లెక్క, సొంత పుస్తకం ఉంటే ఒక్క మనిషి సంతకానికి బానిస కానక్కర లేదు. పాస్‌పోర్టు ఎవరి చేతికీ అప్పగించకూడదు. కూలి విషయంలో అన్యాయం జరిగితే ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్‌కు 13 13 94 నంబరులో చెప్పుకోవచ్చు. సాయం ఉచితం, దుబాసీని కూడా ఏర్పాటు చేస్తారు. ప్రాణాపాయం అయితే 000.

బస గురించి ఒక విషాదం చెప్పక తప్పదు. క్వీన్స్‌లాండులో చిల్డర్స్ అనే చిన్న ఊరు ఉన్నది. చుట్టూ చెరకు, కూరగాయలు. 2000 జూన్ 23న అర్ధరాత్రి దాటాక అక్కడి బ్యాక్‌ప్యాకర్ల వసతి గృహానికి ఒక దుర్మార్గుడు నిప్పు పెట్టాడు. పదిహేను మంది యువతీ యువకులు మరణించారు. ఎక్కడెక్కడి నుంచో పండ్లు, కూరలు కోయటానికి వచ్చిన పిల్లలు అక్కడ బస చేసేవారు. ఆ తర్వాత ఆ రాష్ట్రంలో ఇటువంటి వసతులకు అగ్ని భద్రతా నిబంధనలు కట్టుదిట్టం చేశారు. అయినా మన జాగ్రత్త మనది. గదిలో సంచీ దించగానే చూడవలసింది పరుపు కాదు, బయటికి పోయే రెండవ దారి. తలుపు లోపలి నుంచి తెరుచుకుంటుందా, కిటికీకి చువ్వలు ఉన్నాయా, పొగ పసిగట్టే గంట పని చేస్తున్నదా అని చూడాలి. బాగాలేకపోతే ఆ రాత్రి అద్దె పోయినా సరే, చోటు మార్చాలి.

తోటలోనూ అంతే. అక్కడి పొలాల్లో ప్రాణాలు తీసేవి ఎక్కువగా ట్రాక్టర్లు, నాలుగు చక్రాల చిన్న మోటారు బండ్లు. నేర్పకుండా ఎక్కమంటే ఎక్కరాదు. మందు కొట్టిన మడిలోకి ఎప్పుడు దిగవచ్చో అడిగి దిగాలి. ఎండ మన ఎండ వంటిదేలే అనుకోకూడదు. చర్మ క్యాన్సరు అత్యధికంగా ఉన్న దేశాల్లో అది ఒకటి. పొడుగు చేతుల చొక్కా, అంచు వెడల్పు టోపీ, గంట గంటకూ నీళ్ళు. మనవాడు రెండు రోజులు వడదెబ్బ తిని మూడవ రోజు నేర్చుకున్నాడు. మన పిల్లలు వినే నేర్చుకోవచ్చు.

విస్తరణ సిబ్బందిలోని నా తోటివారికి ఒక మనవి. ఈ విషయం మన శాఖది కాదు గదా అనుకోకండి. భూమి తాకట్టుకు పోయిన తర్వాత మనం ఏ విత్తనం సిఫారసు చేస్తాం, ఏ నేలకు? ఇంటింటి సందర్శనలో ఇటువంటి కాగితం కనిపిస్తే మూడు ప్రశ్నలు అడగండి: లాటరీలో పేరు వచ్చిందా? వస్తే ఆ వర్తమానం ఎవరి ఈమెయిలుకు వచ్చింది? డబ్బు ఎందుకు, ఎవరి ఖాతాకు కడుతున్నారు? ఈ మూడింటికి జవాబు రాకపోతే సంతకం ఆపించండి. పోదలచిన పిల్లలకు మాత్రం తోట పని మెళకువలు, తూకం, లెక్క రాసే అలవాటు నేర్పండి. ఇక్కడ నేర్చినదానికి అక్కడ కూలి పడుతుంది, అక్కడ చూసినది ఇక్కడ పొలానికి పనికొస్తుంది.

ఇక మొదట చెప్పిన పెద్దాయన సంగతి. గురువారం సాయంత్రం వాళ్ళ ఇంటి అరుగు మీద కూర్చొని ఇదంతా చెప్పాను. కొడుకు ఫోనులో ఆ ప్రభుత్వ వెబ్‌సైటు తెరిచి, చదివి, తండ్రికి తానే తెలుగులో చెప్పాడు. ఆ రోజుల్లోనే వాళ్ళ పత్తి తీయటానికి ఆదోని వైపు నుంచి ఒక ముఠా వచ్చి ఉన్నది. ఏటా వస్తారు. పత్తి తీతకు వచ్చి, మిరప కోతలయ్యేదాకా ఉంటారు. చేను పక్కనే పట్టాలు కప్పుకొని బతుకుతారు, పిల్లల బడి మానిపించి తెచ్చుకుంటారు. గుత్త రేటును గురించీ, కాటాను గురించీ నేను చెబుతుంటే పెద్దాయన చూపు ఆ పట్టాల వైపు పోయింది. "మరి ఇక్కడ మేం చేసేదీ అదే గదండీ. తూకం మేమే వేస్తాం, మేమే రాస్తాం. వాళ్ళు ఏనాడూ చూడరు" అన్నాడు. నేనేమీ అనలేదు. మర్నాడు కాటా ముల్లు ముఠావాళ్ళకు కనిపించేట్టు తిప్పి పెట్టించాడు. చదువు వచ్చిన ఒక అమ్మాయి చేతికి చిన్న పుస్తకం ఇచ్చి, నువ్వు కూడా రాసుకో అన్నాడు.

మన బిడ్డ పరాయి దేశపు తోటలో కూలివాడుగా నిలబడినప్పుడు అక్కడి ఆసామి ఎట్లా చూడాలని కోరుకుంటామో, మన చేలోకి వచ్చిన పరాయి ఊరి బిడ్డలను మనం అట్లా చూడాలి. సరైన తూకం, నీడ, మంచినీళ్ళు, చెప్పిన రోజుకు డబ్బు. ఇందుకు ఏ వీసా అక్కరలేదు.

శుక్రవారం తాకట్టు కాగితాలు రాయలేదు. కుర్రవాడు 25 డాలర్లు కట్టి లాటరీకి పేరు ఇచ్చాడు. పేరు రాలేదు. పోయింది పధ్నాలుగు వందల రూపాయలు. మరుసటి ఏడు కూడా ఆ ఎకరంలో వాళ్ళే పంట వేసుకున్నారు. బిందుసేద్యం గొట్టాలు కుర్రవాడే పరిచాడు. లాటరీ తెరిస్తే మళ్ళీ పేరు ఇస్తానంటున్నాడు. ఇవ్వమన్నాను. వయసు ఉన్నది, లోకం చూడాలన్న కోరిక తప్పు కాదు. భూమిని మాత్రం జూదంలో పెట్టకండి.